పెళ్లి చేప పొలుసులు

దుర్గాపూజ సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన మొదటి వారంలో మా జంతుశాస్త్ర విభాగం నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనబడింది. మత్స్యశాస్త్రంలోనో సముద్ర జీవశాస్త్రంలోనో ఎమ్మెస్సీ చదవబోయే విద్యార్థులకు ఒక సంస్థ ఉపకారవేతనం ఇస్తుందట. రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు, పడవ మీద సముద్రంలోకి వెళ్లి నమూనాలు సేకరించే అవకాశం. షరతులు ఏడు. వాటిని నోటుబుక్కులోకి దించుకుని, చేతిలో ఉన్నవాటి పక్కన టిక్కు పెట్టాను. ఐదు టిక్కులు పడ్డాయి. ఏడోది ఇంటర్వ్యూ, అది వాళ్ల చేతుల్లో ఉంది. మిగిలింది ఆరోది: సొంతంగా చేసిన చిన్న పరిశోధన, అసలు నమూనాలతో సహా తీసుకురావాలి.

మేముండేది హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న యార్డులో పని చేసేవాడు. మా అక్క పెళ్లై ఖరగ్‌పూర్ వెళ్లాక ఇంట్లో మేం ముగ్గురమే. ఆ సంవత్సరమే నాకు లిలువా రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది, ఏప్రిల్‌లో చేరాలి. మా కాలనీలో ఆ ఉత్తరం కోసం ఎదురుచూసే కుర్రాళ్లు పాతికమందికి తక్కువ ఉండరు. అందుకే సముద్ర జీవశాస్త్రం సంగతి నేను చాలా జాగ్రత్తగా ఎత్తాను. నాన్న అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజానేసుకున్నాక చెప్పాను.

"సముద్రంలో ఏటుంటాదిరా? సేపలుంటాయి," అన్నాడు నాన్న. "మా తాత సదవకుండానే పట్టీవోడు."

"పట్టడం కాదు నాన్నా, వాటి గురించి తెలుసుకోవడం."

"తెల్సుకుంటే ఏటొస్తాది?"

దీనికి నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. రెండోది చెప్తుండగా ఆయన చెయ్యెత్తి ఆపాడు. "సరే, ఇను. ఆ స్కాలర్‌షిప్పేదో వస్తే వెళ్లు. రాలేదనుకో, ఏప్రిల్‌లో నోరు మూసుకుని లిలువా లోకల్ ఎక్కాల. మళ్లీ ఏడుపులొద్దు."

ఒప్పందం న్యాయంగానే ఉంది. నేను ఒప్పుకున్నాను.

పరిశోధనకి నేనెంచుకున్న విషయం చేపల వయసు. చెట్టు కాండంలో ఏటికో వలయం పడ్డట్టే చేప పొలుసు మీద కూడా పడుతుంది. తిండి బాగా దొరికే కాలంలో గీతలు ఎడంగా, దొరకని కాలంలో దగ్గరగా వస్తాయి. ఆ దగ్గర గీతల పట్టీలు లెక్కపెడితే చేప వయసు. పొడవు కొలిచి, వయసు లెక్కపెట్టి, రెండూ ఒక గ్రాఫు మీద పెడితే ఆ చేప ఏ వయసులో ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. సముద్ర చేపలు సంత్రాగాఛిలో తాజాగా దొరకవు కాబట్టి రుయి తీసుకున్నాను. మా వాళ్లు శీలావతి అంటారు కానీ, కలకత్తాలో పుట్టిన నాకు అది రుయే.

పొలుసుల కోసం కొత్తగా చేపలు కొనక్కర్లేదు. మా బజారులో చేపలు కోసిపెట్టే ఒకావిడ ఉంది, అందరూ మాసీ అంటారు, పిన్ని అని. బెంగాలీ ఆవిడ, యాభై దాటి ఉంటాయి. ఎవరు ఎక్కడ చేప కొన్నా ఆవిడ ముందు పడేస్తే, కత్తిపీట మీద పాదం అదిమిపెట్టి, రెండు చేతులా చేపని ఆ నిలువు కత్తికేసి తోస్తూ ముక్కలు చేసిచ్చేది. అంతకుముందు పొలుసు గీకేది. సాయంత్రానికి ఆవిడ చుట్టూ ఉన్న పొలుసంతా కార్పొరేషన్ బండిలోకి పోయేది.

ఆవిడతో నా ఏర్పాటు ఇదీ. నేను మీటరు పొడవు చెక్క మీద కొలతలు గీసి, ఒక చివర అడ్డుపట్టీ కొట్టాను. కాలేజీకి వెళ్లేముందు గంటసేపు ఆవిడ పక్కన కూర్చుంటాను. రుయి వస్తే చెక్క మీద పడుకోబెట్టి పొడవు రాసుకుంటాను. వీపు రెక్క కింద నుంచి ఆవిడ ఐదు పొలుసులు తీసిస్తుంది. అవి ఒక కాగితం కవరులోకి, కవరు మీద నంబరు, నోటుబుక్కులో అదే నంబరు ఎదుట పొడవు. పట్టే సమయం చేపకి అర నిమిషం.

"ఈ అబ్బాయి చేపలకి బట్టలు కుట్టిస్తాడు, అందుకే కొలతలు తీసుకుంటున్నాడు," అని మాసీ బేరగాళ్లకి చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వి నంబరు వేసుకునేవాణ్ని.

ఫిబ్రవరి నడిమికి అరవై రెండు కవర్లయ్యాయి. వాటిలో అరవై సెంటీమీటర్లు దాటిన పెద్ద చేపలవి ఏడు. మామూలు ఇళ్లవాళ్లు కిలో, కిలోన్నర చేపలు కొంటారు, అవి ఒకటి రెండేళ్లవి. ముసలి చేప బజారుకి ఎప్పుడో గానీ రాదు. ఆ ఏడు కవర్లకోసం మూడు నెలలు పట్టింది. కవర్లన్నీ అట్టపెట్టెలో పెట్టి నా మంచం కింద దాచాను. కాలేజీ ప్రయోగశాల కిటికీ దగ్గర, మైక్రోస్కోపు అద్దానికి ఎండ పట్టించి, ఒకేసారి కూర్చుని అన్నీ చదవాలని నా పథకం. ముక్కలుముక్కలుగా చదివితే లెక్క ఒకలా ఉండదని భయం. అది నేను చేసిన మొదటి తప్పు.

ఫిబ్రవరి మూడో వారంలో నాకు అమ్మవారు పోసింది. మాసీ అయితే "మాయేర్ దయా" అంది, తల్లి దయ అని. ఎవరు ఏ పేరుతో పిలిచినా దురద మాత్రం ఒకటే. పద్నాలుగు రోజులు గదిలో వేపమండల మధ్య పడుకున్నాను. పదిహేనో రోజున తలకి పోస్తామని అమ్మ పొద్దున్నే వేపాకు, పసుపు వేసి నీళ్లు కాచింది. మా వాళ్లలో ఆ రోజుకో పద్ధతి ఉంది. మనిషికి పోశాక గదికీ పోయాలి. దుప్పటి, దిండు గలీబు, నీళ్ల చెంబు, గోడ, గచ్చు, గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఆ పసుపు నీళ్లతో కడగాలి. కడగడానికి వీల్లేనివి కాల్చెయ్యాలి.

నేను స్నానం చేసి, వాకిట్లో ఎండకి కూర్చుని, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి ఉప్పు కారం తగిలిన అన్నం తిని, ఒక కునుకు తీసి లోపలికొచ్చాను. గది మెరుస్తోంది. మంచం కింద ఏమీ లేదు.

"అమ్మా, పెట్టె ఏదీ?"

"బెంగెట్టుకోకు," అంది అమ్మ ధీమాగా. గూట్లోంచి హార్లిక్స్ సీసా తీసి నా చేతిలో పెట్టింది. సగానికి పైగా పొలుసులు. పసుపుపచ్చగా, గలగలమంటూ, బంగారపు రేకుల్లా ఉన్నాయి. "నీకు కావల్సినవని నాకు తెల్దేటి? ఒక్కటి పోనివ్వలేదు. శుబ్బరంగా కడిగీసి, గుడ్డ మీద ఎండబెట్టీసాను. కంపు ఒక్క రవ్వ లేదు, చూడు."

"మరి కవర్లు?"

"కాయితాలు కడుగుతారేటి? కాల్చీసాను."

కడగడం నిజానికి తప్పు కాదు. మేమూ ప్రయోగశాలలో కడుగుతాం. పసుపు వల్లా నష్టం లేదు. కలపడమే సమస్య. మూడువందల పది పొలుసుల్లో ఏది ఏ చేపదో చెప్పే మార్గం ప్రపంచంలో లేదు. నోటుబుక్కులో అరవై రెండు పొడవులున్నాయి, సీసాలో మూడువందల పది వయసులున్నాయి, మధ్యలో వంతెన పొయ్యిలోకి పోయింది. పరిశోధన అప్పగించడానికి మిగిలింది పద్నాలుగు రోజులు.

నా ముఖం మీద మచ్చల మధ్య మిగిలిన చోటులోనే అమ్మకి విషయం అర్థమైంది. "ఏటైందిరా?" అంది. చెప్పాను. ఆవిడ పీట మీద కూర్చుండిపోయింది. "అయితే లిలువాయేనేటి?" అంది. ఆ మాట నా మనసులోనూ తిరుగుతోంది.

మర్నాడు పొద్దున నా జేబు భూతద్దం తీసి, ఒక పెద్ద పొలుసు పట్టకారుతో పట్టుకుని, కిటికీ వెలుగుకి ఎదురుగా అమ్మకి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"చుట్టూ గీతలున్నాయి. ముగ్గులాగ."

"దగ్గరదగ్గరగా ఉన్న పట్టీలు లెక్కపెట్టు."

"ఒకటి, రెండు... మూడు."

"అంటే ఆ చేపకి మూడేళ్లు. కానీ ఎంత పొడుగు చేపో ఇప్పుడు తెలీదు."

అమ్మ భూతద్దం దించింది. "ఈ ముక్క మూడు నెల్ల ముందు సెప్తే నీ సొమ్మేం పోద్దిరా? పెట్టె ముట్టుకోవద్దన్నావు గానీ ఎందుకో సెప్పలేదు. అమ్మోరు పోసిన గదిలో ముట్టుకోకుండా ఎలగ?"

ఆవిడ అన్నది నిజం. నా రెండో తప్పు అదే, మొదటిదానికంటే పెద్దది.

ఆ రోజే ఇద్దరం బజారుకెళ్లాం. మాసీకి జరిగింది చెప్పి, ఆవిడకీ భూతద్దంలో చూపించాను. ఆవిడ కత్తిపీట మీంచి పాదం తీసి మరీ చూసింది. "ముప్పై ఏళ్లుగా ఇవే పారబోస్తున్నాను బాబా," అంది బెంగాలీలో, "మీద వయసు రాసుందని ఒక్కడూ చెప్పలేదు."

కొత్త పథకం రాసుకున్నాను. చిన్న, మధ్యరకం చేపలు నలభై, రోజుకి ఆరు చొప్పున ఏడు రోజులు. పోగొట్టుకున్న పాఠాలు చాలా ఉన్నాయి కాబట్టి నేను పొద్దున గంటే ఉండగలను. మిగతా పూటంతా చెక్క పట్టుకుని అమ్మ కూర్చుంది. ఆవిడకి వచ్చిన బెంగాలీ, హిందీ కలిపినా ఒక భాష కాదు. అయినా చేప తీసుకుపోబోయే పెద్దమనుషుల్ని "దాదా, రుకో రుకో, మాప్ బాకీ హై" అని, కొలత ఇంకా ఉందని ఆపేది. ఎవరైనా విసుక్కుంటే మాసీ అందుకునేది. "ఆగండి దాదా, మీ చేప వయసు చెప్తారు, పుణ్యానికి." నాలుగో రోజుకి వయసు చెప్పించుకోకుండా కదలని బేరగాళ్లు తయారయ్యారు. పక్క దుకాణంలో కొన్న కాత్లా చేప కూడా తెచ్చి చెక్క మీద పెట్టేవాళ్లు. అమ్మ దాన్ని కళ్లతోనే తోసేసేది. "ఇది కాదు. రుయి, రుయి."

ఐదో రోజు బంద్. రైళ్లు లేవు, బజారు లేదు, నాన్న యార్డులో ఖాళీగా కూర్చుని వచ్చాడు. ఒక రోజు అలా పోయినా, ఎనిమిదో రోజు సాయంత్రానికి కవర్లు నలభై అయ్యాయి. ఈసారి కవర్లన్నీ వరసలో, మూతున్న రేకు డబ్బాలో, అమ్మ బీరువాలో.

పెద్ద చేప మాత్రం ఒక్కటీ రాలేదు. గ్రాఫు గీసి చూసుకుంటే మూడేళ్ల దగ్గర ఆగిపోయింది. అక్కణ్నించి పైకి ఖాళీ. సగం నిచ్చెన చూపించి మేడ ఎక్కానని చెప్పుకున్నట్టుంటుంది.

"పెద్ద రుయి ఎక్కడుంటుంది మాసీ?" అని అడిగాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "పెళ్లిలో ఉంటుంది. ఇంకెక్కడుంటుంది? ఇది ఫాల్గుణం. వచ్చే వారం మాకు చైత్రం, ఆ నెలంతా మాలో పెళ్లిళ్లు బంద్. ఎల్లుండి ఆఖరి ముహూర్తం. పక్కనున్న రామరాజాతలాలో ఒక పెళ్లింటివాళ్లు చేపలు కొయ్యడానికి నన్ను పిలిచారు. పొద్దున ఏడింటికి వచ్చెయ్. ఆ మచ్చల మొహానికి కాస్త పౌడరు రాసుకో."

నేను వెళ్లాను. చెక్క, కవర్లు, పట్టకారు, భూతద్దం, పెన్సిళ్లు రెండు. పౌడరు అమ్మ రాసింది. పెళ్లికూతురి ఇంటి వెనక పెరట్లో గోనెపట్టా మీద విందు కోసం తెచ్చిన రుయిలు పదకొండు ఉన్నాయి. అన్నీ నా చెయ్యంత పొడుగు. అన్ని పెద్ద చేపల్ని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటీ కొలుస్తూ, పొలుసులు తీస్తూ పోతుంటే ఎనిమిదో చేప దగ్గర ధోవతీ కట్టుకున్న పెద్దాయన ఒకరొచ్చి నిలబడ్డారు. పెళ్లికూతురి పెదనాన్న.

"ఎవరితను? తూకం చూడ్డానికి ఎవరు పంపారు? మగపెళ్లివారా?"

"విశ్వవిద్యాలయం పంపింది," అంది మాసీ తల ఎత్తకుండా.

ఆయన నన్నూ నా చెక్కనీ మార్చి మార్చి చూశారు. "టీ ఇచ్చారా?" అని అడిగి వెళ్లిపోయారు. నాకు టీ వచ్చింది.

పదింటికి శంఖాలు ఊదారు. మగపెళ్లివారింటి నుంచి పసుపు స్నానం సారె వచ్చింది. చీరలు, మిఠాయిలు, అద్దం దువ్వెనల పళ్లేల మధ్య, వెడల్పాటి పళ్లెంలో, బెంగాలీల ఆనవాయితీ ప్రకారం, పెళ్లి చేప. పెద్ద రుయి. ఎర్రచీర చుట్టారు, ముక్కుకి నత్తు, నుదుట సిందూరం, నోట్లో తమలపాకు చిలక. ఫొటోలయ్యాయి. ఆడవాళ్లందరూ వచ్చి చూసి, మగపెళ్లివారి చేప కళ్లు చిన్నవా పెద్దవా అని తేల్చుకున్నారు. తర్వాత దాన్ని పెరట్లోకి తెచ్చి మాసీ ముందు పెట్టారు.

మాసీ చీర విప్పింది. నేను చెక్క పక్కన పెట్టాను. డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు. నా నోటుబుక్కులో అంత పొడవు అంతకుముందు లేదు. అప్పటికి చుట్టూ పదిమంది మూగారు. చేతులకి పసుపుతో పెళ్లికూతురు కూడా వచ్చి నిలబడింది.

"ఏం చూస్తున్నారు?"

"దీని వయసు," అన్నాను.

"ఎంత?"

పొలుసు తుడిచి, వెలుగుకి పట్టి లెక్కపెట్టాను. సందేహం వచ్చి రెండోది, మూడోది కూడా చూశాను. "ఆరేళ్లు."

"ఆ అద్దం పెళ్లికొడుక్కి కూడా పెట్టి చూడండి," అంది వెనకనుంచి ఎవరో పిన్నిగారు. "వాళ్లు ఇరవైతొమ్మిది అన్నారు."

పెరడంతా నవ్వులే. పెళ్లికూతురు అందరికంటే గట్టిగా నవ్వి, పసుపు చేతుల్తో మొహం కప్పుకుంది. నేను యాభై రెండో కవరు మీద నంబరు వేసి, చోటు అన్న గడిలో "పెళ్లివారిల్లు" అని రాశాను. అది తప్ప ఇంకేం రాయాలి?

మూడు రోజులు ప్రయోగశాల కిటికీ దగ్గరే ఉన్నాను. గ్రాఫు ఆరేళ్ల దాకా చక్కగా పాకింది. చివర "లోపాలు" అన్న పేజీలో మొదటి అరవై రెండు చేపల కథ ఉన్నదున్నట్టు రాశాను, పసుపు నీళ్లతో సహా. మా మాస్టారు చదివి, ఆ పేజీ అవసరమా అన్నారు. ఉండనివ్వండి సార్ అన్నాను. ఆయన సంతకం పెట్టారు.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో తెల్లజుట్టు మేడమ్‌గారు, సముద్ర చేపల మీద పనిచేసే శాస్త్రవేత్త. ఆవిడ పట్టిక మీద వేలు దించుకుంటూ పోయి ఆగారు.

"యాభై రెండు. పెళ్లివారిల్లు. ఆడపెళ్లివారా, మగపెళ్లివారా?"

"చేప మగపెళ్లివారిది మేడమ్. సేకరించింది ఆడపెళ్లివారింట్లో."

కుడిపక్కన కూర్చున్నాయన దగ్గినట్టు నటించి నవ్వారు. మేడమ్ నవ్వలేదు. లోపాల పేజీ తీశారు. "అరవై రెండు చేపలు పోయాయి. మీ అమ్మగారి మీద రాశారే, కోపమా?"

"ఆవిడ మీద కాదు మేడమ్, నా మీదే. ఏం చెయ్యకూడదో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. ఎందుకో చెప్పాక నలభై చేపల్లో చాలావరకు ఆవిడే కొలిచింది. రెండు మాత్రమే నేను మళ్లీ కొలవాల్సి వచ్చింది."

"ఆ రెండూ తప్పా?"

"ఆవిడవి సరిగ్గానే ఉన్నాయి. నా అనుమానమే తప్పు."

ఆవిడ కాగితాలు మూసి, సముద్రంలో ఎప్పుడైనా పడవెక్కావా అని అడిగారు. లేదన్నాను. వాంతులవుతాయి, అలవాటవుతుంది అన్నారు. అంతటితో అయిపోయింది. అది మంచి సూచనో కాదో ఇంటికొచ్చేదాకా లోకల్లో ఆలోచించాను, తేలలేదు.

ఏప్రిల్‌లో చేరాల్సిన సోమవారానికి ఆరు రోజుల ముందు ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ చేతిలోంచి అమ్మ తీసుకుంది, విప్పలేదు. నేనొచ్చేదాకా అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుందట. విప్పి చదివాను. ఎంపికైన వాళ్లు నలుగురు, నా పేరు మూడోది. అమ్మ గబగబా లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది, ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలీదు.

నాన్న డ్యూటీ దిగి వచ్చి ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

"అయితే రెండేళ్లు సేపల లెక్కలేనేటి?"

"అవును నాన్నా."

"సరే. లిలువాలో రానని కాయితం ఇచ్చీయాల. లేపోతే తర్వాతోడికి సీటు ఆగిపోద్ది, పాపం. నువ్వు రాయి, నేనిచ్చొస్తాను. అక్కడ నాకు తెల్సినోళ్లున్నారు."

రాసిచ్చాను. ఉత్తరం ఎవరికైనా చూపించాలేమో అని ఉపకారవేతనం కాగితం కూడా అడిగి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్న వెళ్లినవాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు, మొహం వెలిగిపోతూ. వర్క్‌షాపులో మూడు షెడ్లలో తిరిగాడట. తెలుగువాళ్లకి, బిహారీలకి, ఒరియా ఫోర్‌మన్‌కి, టీ కొట్టువాడికి, అందరికీ ఉత్తరం చూపించాడట. అందరూ చదివారట, చదవడం రానివాళ్లు ముద్ర చూశారట.

"మరి నా కాయితం ఇచ్చావా నాన్నా?" అన్నాను.

జేబు తడుముకున్నాడు. నేను రాసిన కాగితం మడత కూడా విప్పకుండా అందులోనే ఉంది.

మర్నాడు నేనే వెళ్లాను. హౌరాలో బండి మారి లిలువాలో దిగి, వర్క్‌షాపు ఆఫీసులో కిటికీ ముందు నిలబడ్డాను. గుమాస్తా బెంగాలీ ఆయన, నా కాగితం చదివి కళ్లజోడు మీదనుంచి చూశాడు.

"నిన్న చేపల ఉత్తరం పట్టుకుని తిరిగినాయన మీ నాన్నేనా?"

"అవును దాదా."

"ఉద్యోగం వదులుకుంటున్నావు. మళ్లీ రాదు, తెలుసా?"

"తెలుసు."

ఆయన ముద్ర మీద సిరా అద్ది, గాల్లోనే ఆపాడు. "సరే, ఇది చెప్పు. రుయి ఎన్నేళ్లది కొంటే రుచి?"

"నేను వయసే చదివాను దాదా, రుచి కాదు. కానీ ముప్పై ఏళ్లుగా చేపలు కోస్తున్నావిడ రెండేళ్లది అంటుంది."

ఆయన బ్లాటింగ్ పేపర్ మూల "రెండు" అని రాసుకుని, నా కాగితం మీద ముద్ర గుద్దాడు.